బల్ల మీద గోదావరి, చేతిలో అదిరే పావు

కంప్యూటర్ బల్లల గురించి, అంటే పైభాగమే తెరగా ఉండే బల్లల గురించి, ఎవరు మాట్లాడినా ఎక్కువగా తెర గురించే మాట్లాడతారు. ఎన్ని అంగుళాలు, ఒకేసారి ఎన్ని వేళ్ళని గుర్తుపడుతుంది, కెమెరా కింద పెట్టారా పైన పెట్టారా, ప్రొజెక్టర్ వెలుగు సరిపోతుందా, ఇవే ప్రశ్నలు. నా దృష్టి మాత్రం ఆ బల్ల మీద పెట్టి కదిపే పావు మీదే ఉంటుంది. తెరని చూస్తాం, స్పీకర్‌ని వింటాం, కానీ గంటసేపు ఆ బల్ల ముందు కూర్చుంటే ఆ గంటంతా చేతిలో ఉండేది పావే, చాలా బల్లల మీద అదొక్కటే ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోతుంది. చాలా కాలంగా నన్ను తొలుస్తున్న విషయం ఇది, అందుకే పోస్టు కొంచెం పొడుగ్గా ఉంటుంది.

అలవాటు లేనివాళ్ళకి ముందు ఆ బల్ల ఎలా పనిచేస్తుందో చెప్తాను. పైన గాజో యాక్రిలిక్ షీటో, దానికి ట్రేసింగ్ పేపర్ లాంటి పొర. కింద నుంచి ప్రొజెక్టర్ బొమ్మ వేస్తుంది. ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీల వెలుగు లోపల పరుచుకుని ఉంటుంది, ఆ వెలుగుని మాత్రమే చూసే కెమెరా ఒకటి అడుగున ఉంటుంది. ఒక్కో పావు కింద ఒక్కో నలుపు తెలుపు గుర్తు అంటించి ఉంటుంది కాబట్టి, కెమెరా దాన్ని చదివి ఇది ఫలానా పావు, ఇక్కడ ఉంది, ఇంత తిరిగి ఉంది అని కంప్యూటర్‌కి చెప్పేస్తుంది. ఈ గుర్తుల్ని చదవడానికి రియాక్టివిజన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఇంట్లో బల్ల కట్టుకునేవాళ్ళు చాలామంది దానితోనే మొదలుపెడతారు.

ఆ సాఫ్ట్‌వేర్ పుట్టింది ఒక వాద్యం కోసం. బార్సిలోనాలోని పోంపెయు ఫాబ్రా యూనివర్సిటీలో సెర్జీ జోర్దా, గుంటర్ గైగర్, మార్కోస్ అలోన్సో, మార్టిన్ కాల్టెన్‌బ్రున్నర్ కలిసి 2003లో మొదలుపెట్టిన రియాక్టబుల్ అది. గుండ్రటి బల్ల, దాని మీద పావులు. ఒక పావు ధ్వని పుట్టిస్తుంది, దాని పక్కకి ఇంకోటి జరిపితే ఆ ధ్వనిని వడకడుతుంది, తిప్పితే స్వరం మారుతుంది, రెండింటి మధ్య ధ్వని తరంగం గీతలా కదులుతూ కనపడుతుంది. 2007లో బ్యోర్క్ తన కచేరీల్లో వాడాక లోకమంతా చూసింది. అంతకు ముందు 1999లో ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో జాన్ అండర్‌కాఫ్లర్, హిరోషి ఇషీ చేసిన అర్ప్ అనే బల్ల ఉంది, టౌన్ ప్లానింగ్ వాళ్ళ కోసం. బిల్డింగ్ నమూనా బల్ల మీద పెడితే దానికి నీడ పడుతుంది, గడియారం పావు తిప్పితే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ నీడ జరుగుతుంది, గాలి ఏ సందులోంచి ఎలా పోతుందో కనపడుతుంది. ఇంకా వెనక్కి వెళ్తే 1992లో లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో డ్యూరెల్ బిషప్ ఊహించిన ఆన్సరింగ్ మెషీన్ ఉంది. వచ్చిన ప్రతి ఫోన్ మెసేజ్‌కి ఒక గోళీ బయటికొస్తుంది, ఆ గోళీని గుంటలో పెడితే మెసేజ్ వినపడుతుంది. నాకు వీటన్నింటిలోకీ అదే ఎక్కువ ఇష్టం. అందులో తెరే లేదు.

ఈ బల్లల్లో జవాబు ఎక్కడి నుంచి వస్తోందో గమనించండి. అర్ప్‌లో నీడ బల్ల మీద పడుతుంది. రియాక్టబుల్‌లో గీత బల్ల మీద, శబ్దం స్పీకర్లో. పావు మాత్రం అడగడానికే, దాని నుంచి తిరిగొచ్చేది ఏమీ లేదు. దాని చుట్టూ వెలిగే బొమ్మనేమో మన చెయ్యే కప్పేస్తుంది, ముఖ్యంగా పెద్దవాళ్ళ చేతి కింద పిడికిలంత పావు పెట్టి తిప్పుతుంటే దాని పక్కన రాసిన అంకె చూడటానికి తల వంచాల్సొస్తుంది. రియాక్టబుల్ వాళ్ళు ఒక మంచి పని చేశారు, ఒక్కో రకం పనికి ఒక్కో ఆకారం ఇచ్చారు. ఏది పట్టుకున్నామో వేళ్ళకే తెలుస్తుంది. మోటార్ల జోలికి వెళ్ళకముందు ఈ మాత్రమైనా ప్రతి బల్లలో ఉండాలి: ఆకారం, కాస్త బరువు, అంచున గరుకు. నా పావుల్లో నేను స్టీల్ వాషర్లు వేశాను, బరువు రాగానే పిల్లలు కూడా వాటిని విసరకుండా నెమ్మదిగా పెట్టడం మొదలుపెట్టారు.

క్యారమ్స్ ఆడేటప్పుడు చూపు మూల మీద ఉంటుంది, స్ట్రైకర్ ఎంత బలంగా వెళ్ళిందో వేలికి తెలుస్తుంది, కాయిన్‌కి నిండుగా తగిలిందా అంచున తగిలిందా శబ్దం చెప్పేస్తుంది, ఈ మూడూ ఒకే క్షణంలో ఒకే చోటి నుంచి వస్తాయి. కంప్యూటర్ బల్ల మీద అవి విడిపోతాయి. బొమ్మ కింద నుంచి, శబ్దం గది మూల నుంచి, స్పర్శ ఎక్కడి నుంచీ రాదు.

మెదడు వీటిని ఎలా కలుపుకుంటుందో చెప్పే ప్రయోగాలు రెండు ఉన్నాయి, ఈ పని చేసే ప్రతివాళ్ళూ తెలుసుకోవాల్సినవి. 2002లో మార్క్ ఎర్న్‌స్ట్, మార్టిన్ బ్యాంక్స్ ఒక గట్టు ఎత్తుని కంటితోనూ వేలితోనూ ఒకేసారి అంచనా వేయించారు. కనపడే బొమ్మ స్పష్టంగా ఉన్నంతసేపూ మనిషి కంటిని ఎక్కువ నమ్మాడు, బొమ్మని మసకబార్చే కొద్దీ వేలి మీద ఆధారపడ్డాడు. అంటే ఏ క్షణంలో ఏది నమ్మదగ్గదో లెక్కగట్టుకుని దానికే ఎక్కువ విలువిస్తాం. రెండోది 1998లో ఫిన్లాండ్‌లో యూస్మాకి, హారి చేసింది. చేతులు రుద్దుకునే శబ్దాన్ని మైకుతో పట్టి, అందులో 2 కిలోహెర్ట్జ్ పైన ఉన్న భాగాన్ని పెంచి, రుద్దుకుంటున్నవాళ్ళకే ఇయర్‌ఫోన్‌లో వినిపించారు. వాళ్ళకి తమ చర్మం ఎండిన తోలు కాగితంలా అనిపించింది! చర్మం మారలేదు, శబ్దమే మారింది. పావు పక్కనే చిన్న శబ్దం సరిగ్గా పలికితే చిన్న మోటారు కూడా పెద్ద పని చేస్తుందని నాకు ధైర్యం వచ్చింది దీని వల్లే.

ఇక నా బల్ల సంగతి. హైదరాబాద్‌లో మా ఇంటి వెనక గదిలో ఉంది, సామాన్లు చాలావరకు కోఠి గుజరాతీ గల్లీలో కొన్నవే. దాని మీద గోదావరి ఉంటుంది. ప్రాణహిత, ఇంద్రావతి వచ్చి కలిసే చోట్లు, భద్రాచలం, కూనవరం దగ్గర శబరి, కింద ధవళేశ్వరం, అక్కడి నుంచి పాయలుగా చీలి సముద్రం. మా బంధువులు సగం మంది ఆ లంకల్లో వాళ్ళే. వాన పడితే మా ఇంట్లో టీవీ ముందు వినపడే అంకెలు 43, 48, 53. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకొస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో అది 75.6 అడుగులకి చేరింది, 2022 జులైలో 71.3కి. ఈ అంకెలు అందరికీ నోటికి వచ్చు, కానీ 53కీ 71కీ మధ్య ఎంత దూరముందో చేతికి తెలియాలని నాకు పట్టుదల. పావుని భద్రాచలం మీద పెట్టి తిప్పితే నీటిమట్టం పెరుగుతుంది, మ్యాపు మీద ముంపు రంగు పాకుతుంది. (ఇది వరద అంచనా వేసే యంత్రం కాదు, అర్థం చేయించే బొమ్మ మాత్రమే. అధికారులు చెప్పేదే వినాలి.)

పావు లోపల చిన్న కంట్రోలర్ బోర్డు, బ్యాటరీ, ఎంత తిరిగిందో కొలిచే గైరో సెన్సర్, ఒక వైబ్రేషన్ మోటారు ఉన్నాయి. అడుగు అడుగుకీ ఒక సన్నని టిక్కు. 43 దగ్గర ఒకటే గట్టి దెబ్బ, 48 దగ్గర రెండు, 53 దాటాక తిప్పుతున్నంతసేపూ ఆగకుండా గరగర. దాంతోపాటు పావు అంచున ఎల్ఈడీ రంగు మారుతుంది, నీటి హోరు కొంచెం కొంచెంగా పెరుగుతుంది. వైబ్రేషన్ ఆపేసి మా మేనకోడలికిస్తే చివరిదాకా ఒక్క తిప్పు తిప్పి, మ్యాపంతా నీలం అయింది చూశావా అని నవ్వింది. ఆన్ చేసి ఇచ్చాక 43 దగ్గర చెయ్యి దానంతటదే నెమ్మదించింది, "అత్తా, ఇది ఇక్కడ నన్ను పట్టుకుంటోంది" అంది. అక్కడ ఆగి, ఎందుకు ఆపుతోందని అడిగింది. నాకు కావలసింది ఆ ప్రశ్నే.

అన్నింటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఆలస్యం. కెమెరా సెకనుకి 30 ఫ్రేములు తీస్తే ఒక్కో ఫ్రేముకీ 33 మిల్లీసెకన్లు. గుర్తు చదవడం, లెక్క కట్టడం, వైర్‌లెస్‌లో పావుకి చెప్పడం, మోటారు తిరగడం మొదలవడం, ఇవన్నీ కలిస్తే సెకనులో పదో వంతు దగ్గరికి పోతుంది. నెమ్మదిగా తిప్పితే ఫర్వాలేదు. కాస్త వేగంగా తిప్పామంటే 43 దాటి 46కి వెళ్ళాక 43 దెబ్బ తగులుతుంది, అప్పుడు ఆ వైబ్రేషన్ లేకపోవడమే నయం, ఎందుకంటే అది అబద్ధం చెప్తోంది. కన్ను ఒకటి చూస్తే చెయ్యి ఇంకోటి వింటుంది. అందుకని టిక్కు ఎప్పుడివ్వాలో నిర్ణయించే పని బల్లకి ఇవ్వకూడదు, పావుకే ఇవ్వాలి. పావు భద్రాచలం మీద కూర్చున్న మరుక్షణం ఏ కోణంలో ఏ దెబ్బ ఇవ్వాలో ఆ జాబితా అంతా బల్ల ఒకేసారి పంపేస్తుంది. ఆ తర్వాత తిప్పడాన్ని లోపలి గైరో సెకనుకి కొన్ని వందలసార్లు చూసుకుంటుంది, కెమెరాని అడగకుండానే టిక్కు ఇచ్చేస్తుంది. గైరో చెప్పే కోణం కొంతసేపటికి కొద్దికొద్దిగా తప్పుతుంది కదా, దాన్ని సరిచేయడానికి మాత్రం కెమెరా కోణం వాడతాను. ఈ ఒక్క మార్పుతో పావుకి ప్రాణం వచ్చింది.

మోటారు గురించి కూడా చెప్పాలి. బజార్లో దొరికే నాణెం మోటారు నిమిషానికి దాదాపు 12,000 చుట్లు తిరుగుతుంది, అంటే సుమారు 200 హెర్ట్జ్. మన చర్మంలో వైబ్రేషన్ని పట్టే పాచీనియన్ కణాలు బాగా స్పందించేది 200 నుంచి 300 మధ్యే కాబట్టి ఆ లెక్క బాగానే కుదిరింది. కానీ అది వేగం అందుకోవడానికీ ఆగడానికీ టైం తీసుకుంటుంది, టిక్కు ఇవ్వమంటే బుర్రుమంటుంది. టిక్కులకి స్ప్రింగు మీద బరువు పైకీ కిందికీ ఊగే రకం మోటారు మేలు, దాన్ని డీఆర్‌వీ2605 అనే చిప్‌తో నడిపిస్తే అందులో ముందే పెట్టిన 123 రకాల అదురులున్నాయి, గట్టిగా తట్టినట్టు, మెత్తగా ఆగినట్టు, క్రమంగా పెరిగినట్టు. మోటారుని నేరుగా బోర్డు పిన్‌కి కలపకండి, పిన్ అంత కరెంటు ఇవ్వలేదు, మధ్యలో ట్రాన్సిస్టరో ఇలాంటి చిప్పో ఉండాల్సిందే.

పావు అడుగు గట్టిగా ఉంటే వైబ్రేషన్ చేతికి కాక యాక్రిలిక్ షీటుకి పోతుంది, షీటేమో డోలు చర్మంలా మోగుతుంది, గదిలో అందరికీ వినపడుతుంది, పక్కవాళ్ళ పావు కూడా అదురుతుంది. అడుగున ఫెల్టు గుడ్డ అంటించి, మోటారుని పావు పైభాగానికి, అంటే వేళ్ళు ఆనే చోటికి దగ్గరగా పెడితే ఇది చాలావరకు తగ్గింది. అదురుకి పావు మెల్లగా జరిగిపోయే సమస్య కూడా ఉంది. ఈ సమస్యనే ఉపయోగంగా మార్చుకున్నవాళ్ళున్నారు, ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో చేసిన టచ్‌బగ్స్ అనే చిన్న పరికరాలు బ్రష్షు వెంట్రుకల లాంటి కాళ్ళ మీద నిలబడి వైబ్రేషన్‌తోనే బల్ల మీద నడుస్తాయి.

ఇక్కడ నేను గట్టిగా నమ్మే విషయం ఒకటుంది. బల్ల చుట్టూ నలుగురు కూర్చుంటారు. శబ్దం నలుగురిదీ, వెలుగు చూసినవాళ్ళది, వైబ్రేషన్ మాత్రం పట్టుకున్నవాళ్ళది ఒక్కరిదే. అందరికీ తెలియాల్సినది శబ్దంలో పెట్టాలి, నీళ్ళు 53 దాటడం లాంటిది. పట్టుకున్న మనిషికి మాత్రమే అవసరమైనది, అడుగడుగు లెక్క లాంటిది, చేతిలోనే ఉండాలి. చాలామంది ఈ తేడా పాటించరు. ప్రతి పావుకీ ఒక బీప్ పెడతారు, నలుగురు ఒకేసారి తిప్పితే చేపల బజారవుతుంది, చివరికి ఎవరో ఒకరు సౌండ్ మొత్తం ఆపేస్తారు, అవసరమైన హెచ్చరిక కూడా దాంతోపాటే పోతుంది.

ఈ నిగ్రహం పెద్ద కంపెనీ సరుకులో ఒకచోట చూసి సంతోషించాను. 2016లో సర్ఫేస్ స్టూడియో అనే కంప్యూటర్‌తో పాటు మైక్రోసాఫ్ట్ తెచ్చిన సర్ఫేస్ డయల్ అనే గుండ్రటి నాబ్‌ని తెర మీదే పెట్టి తిప్పొచ్చు, దాని చుట్టూ మెనూ వెలుగుతుంది, మామూలుగా 10 డిగ్రీలకి ఒకసారి చేతిలో టిక్కుమంటుంది. ప్రోగ్రామ్ రాసేవాళ్ళు ఆ కోణం మార్చుకోవచ్చు. కానీ 5 డిగ్రీల కంటే తక్కువ చేస్తే వైబ్రేషన్ ఆపేయమని వాళ్ళ సూచనల్లోనే ఉంది. అంత దగ్గర దగ్గరగా టిక్కులు పడితే విడివిడిగా తెలియవు, అదొక రొద.

ఇంకో అడుగు ముందుకేసినవాళ్ళు కెనడాలో కాల్గరీ యూనివర్సిటీ వాళ్ళు. 2009లో నికొలాయ్ మార్క్వార్ట్, సాల్ గ్రీన్‌బర్గ్ తదితరులు చేసిన హాప్టిక్ టేబుల్‌టాప్ పక్‌లో వేలి కింద ఒక చిన్న కడ్డీ ఉంటుంది. అది పైకి లేస్తే ఎత్తు, నొక్కితే మెత్తదనం, అడుగున బ్రేకు బల్లని పట్టుకుంటే జారడం కష్టం. చెప్పిన కోణానికి తిరిగి ఆగే సర్వో మోటార్లతోనే చేశారు, ఖరీదైన సామాను కాదు. అదే సంవత్సరం జర్మనీలో ఆకెన్ వాళ్ళు స్లాప్ విడ్జెట్స్ అని పారదర్శకమైన సిలికాన్ మీటలు, నాబ్‌లు చేశారు, వాటిలో ఏ ఎలక్ట్రానిక్సూ లేవు. తెర మీద గీసిన నాబ్ కంటే చేత్తో పట్టుకునే నాబ్‌తో వీడియోలో కావలసిన చోటు వెతకడం త్వరగా, కచ్చితంగా జరిగిందని చూపించారు. అంటే మోటారు లేకపోయినా సగం పని వస్తువే చేస్తుంది. నేను కాల్గరీ వాళ్ళ బ్రేకు ఆలోచన తీసుకుని 53 దగ్గర ఒక రబ్బరు ముక్క బల్లని ఒత్తేలా చేశాను. ఆ తర్వాత పావు తిప్పాలంటే బలం పెట్టాలి. వరదలో ప్రతి అడుగూ ఎంత బరువో ఏ మోటారు అదురు కంటే ఈ రబ్బరు ముక్కే బాగా చెప్తోంది.

అన్నింటికంటే ముఖ్యమైన ఉపయోగం చూపు లేనివాళ్ళకి. ఫ్రాన్స్‌లో టులూజ్‌లో జూలీ డ్యూకాస్, క్రిస్టోఫ్ జూఫ్రే తదితరులు 2016లో టాంజిబుల్ రీల్స్ అని చేశారు. బల్లని గట్టిగా పట్టుకుని ఉండే పావులు, వాటి మధ్య లాగితే వచ్చి వదిలితే వెనక్కి చుట్టుకునే దారాలు. పావులు ఊళ్ళు లేదా కూడళ్ళు, దారాలు దారులు. ఎక్కడ పెట్టాలో కంప్యూటర్ మాటలతో చెప్తుంటే చూపు లేని మనిషే తన చేత్తో మ్యాపు కట్టుకుంటాడు. ఇది చదివాక నా మ్యాపులో ఎంత భాగం కంటికి మాత్రమే ఉందో లెక్క చూసుకున్నాను. నది గీత, రంగు, ఊళ్ళ పేర్లు, అన్నీ కంటికే. ఇప్పుడు నది దారిని యాక్రిలిక్ మీద సన్నని గాడిగా చెక్కిస్తున్నాను, పావు అడుగున చిన్న బొడిపె ఉంటే గాడిలో పడి నది వెంటే జారుతుంది, ఊరు రాగానే పేరు పలుకుతుంది.

ఇంకా తేలనిది ఒకటుంది. భద్రాచలం పావుకి అడుగుకో టిక్కు సరిపోతుంది, 43 నుంచి 53 దాకా పది టిక్కులు. ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ దగ్గర హెచ్చరికలు 11.75, 13.75, 17.75 అడుగులు. అక్కడ అడుగుకో టిక్కు పెడితే మొదటి హెచ్చరిక రెండు టిక్కుల మధ్య పడుతుంది, అడుగులో నాలుగో వంతుకొకటి పెడితే ఒక చేతిలో భద్రాచలం, ఇంకో చేతిలో ధవళేశ్వరం పట్టుకున్న పిల్లవాడు రెండు టిక్కులూ ఒకే కొలత అనుకుంటాడు. టిక్కు గట్టిదనం మార్చి చూస్తున్నాను, చిన్న కొలతకి మెత్తటి టిక్కు, పెద్ద కొలతకి గట్టిది. రెండు పావుల మోటార్లు అచ్చంగా ఒకేలా అదరవు కాబట్టి ఒక్కోదాన్నీ విడిగా సరిచేయాల్సొస్తోంది. హాప్టిక్స్, అంటే స్పర్శతో జవాబిచ్చే పరికరాల పని చేసినవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, రెండు చేతుల్లో రెండు కొలతలు కలిసిపోకుండా మీరేం చేశారో కింద రాయండి, ఈ వానాకాలం లోపల బల్లని మా ఊరి బడికి తీసుకెళ్ళాలి.